దావా వేస్తే అడుగుతున్నది ఏమిటి?

అందరికీ నమస్కారం. లా చదవనివాళ్ల కోసం మాట్లాడమన్నారు. కాబట్టి సెక్షన్ల నంబర్లు వీలైనంత తగ్గిస్తాను. తప్పనిసరై ఒకటి రెండు దొర్లితే క్షమించండి, అలవాటు.

గొడవ ముదిరితే ఏ దేశంలోనైనా వినిపించే మాట ఒకటి ఉంది. "నిన్ను కోర్టుకీడుస్తా!" ఆ మాట అన్న మనిషిని కాస్త పక్కకు పిలిచి, "సరే, ఈడ్చారు. అక్కడ జడ్జి మీకేం కావాలని అడుగుతారు. ఏం చెబుతారు?" అని అడిగి చూడండి. చాలామంది ఆగిపోతారు. "వాడికి బుద్ధి రావాలి" అంటారు. "తప్పు వాడిదేనని పదిమందికీ తెలియాలి" అంటారు. అనుకోవడంలో తప్పులేదు. కానీ సివిల్ కోర్టులో బుద్ధి అమ్మరు. అక్కడ దొరికేవి కొన్నే. డబ్బు ఇప్పిస్తారు. ఆస్తి అప్పగించమంటారు. ఒక పని చెయ్యమనో, చెయ్యొద్దనో ఆదేశిస్తారు. ఒక హక్కు ఎవరిదో తేల్చి ప్రకటిస్తారు. ఇంకా కొన్ని ఉన్నా ఎక్కువ దావాలు వీటిలోనే తిరుగుతాయి.

అందుకే నేను చెప్పేది ఇంతే. ఫలానా మనిషి నుంచి, ఫలానా కారణం మీద, నాకు ఫలానాది ఇప్పించండి అని అడగడమే దావా. ఈ మూడు ఫలానాల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా దావా నిలవదు. ఒక్కోసారి నిలుస్తుంది, గెలుస్తుంది కూడా, కానీ చేతికేమీ రాదు. అదింకా పెద్ద బాధ.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. పోలీసు కేసు వేరు, దావా వేరు. నేరం జరిగితే నిందితుడి మీద కేసు నడిపేది ప్రభుత్వం. దెబ్బలు తిన్నది మీరే అయినా అందులో మీరు సాక్షి మాత్రమే. మీకు మనసు మారినంత మాత్రాన కేసు ఆగదు. దావా అలా కాదు. వేసేది మీరు, నడిపేది మీరు, ఖర్చు మీది, రాజీ పడాలంటే నిర్ణయం కూడా మీదే. నేరం రుజువు కావాలంటే సహేతుకమైన అనుమానం ఏ మూలా మిగలకూడదు. దావాలో అంత అక్కర్లేదు. రెండు కథనాల్లో ఏది నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తారు, త్రాసు కాస్త ఒకవైపు మొగ్గితే చాలు.

ఈ తేడాని ప్రపంచమంతా చూసింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద జంట హత్యల కేసు నడిచింది. 1995 అక్టోబరులో జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, నిర్దోషి అంది. అదే మరణాల మీద మృతుల కుటుంబాలు సివిల్ దావా వేశాయి. 1997లో ఇంకో జ్యూరీ ఆ చావులకు బాధ్యుడు అతనే అని తేల్చి, మొత్తం 3 కోట్ల 35 లక్షల డాలర్లు కట్టమంది. "అదెలా? ఒక కోర్టు కాదంది, ఇంకో కోర్టు అవునంది?" అని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నిజానికి రెండు కోర్టుల ముందూ ఉన్న ప్రశ్న ఒకటి కాదు. మొదటి కోర్టు శిక్షించేంత ఖాయంగా రుజువైందా అని చూసింది. రెండోది, ఎక్కువ అవకాశం ఎటువైపు ఉందని చూసింది. రెండు జవాబులూ పక్కపక్కనే ఉండగలవు. ఆ డబ్బు సంగతి మళ్లీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మొదటి ఫలానాకి వద్దాం. ఎవరి మీద? వినడానికి తేలిక ప్రశ్న. నష్టం చేసినవాడి మీద అంటారు మీరు. దీని కోసమే మనుషులు దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లారు.

1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పెయిస్లీ అనే ఊళ్లో మే డొనాహ్యూ అనే ఆవిడ స్నేహితురాలితో కలిసి ఒక కఫేకి వెళ్లింది. స్నేహితురాలే డబ్బులిచ్చి ఆవిడకి జింజర్ బీర్ ఇప్పించింది. లోపలేముందో కనపడని ముదురు రంగు సీసా అది. సగం తాగాక మిగతాది వంచితే కుళ్లిన నత్త బయటపడిందని, దాంతో తన ఆరోగ్యం దెబ్బతిందని ఆవిడ వాదన. సరే, ఎవరి మీద దావా వెయ్యాలి? కఫే యజమాని మీదా? ఆయనతో బేరం కుదుర్చుకుంది స్నేహితురాలు, ఈవిడ కాదు. కొన్నదేమో స్నేహితురాలు, కడుపునొప్పి ఈవిడకి. పోనీ తయారుచేసిన స్టీవెన్‌సన్ మీద వేద్దామంటే ఆయనతో ఈవిడకి ఏ ఒప్పందమూ లేదు. ఒప్పందం లేని మనిషికి తయారీదారు జవాబుదారీ కాదన్నది అప్పటి లెక్క. ఆవిడ లాయరు సరిగ్గా అలాంటి వాదనతోనే, సీసాలో ఎలుక వచ్చిన కేసుల్లో కొద్ది వారాల ముందే ఓడిపోయి ఉన్నాడు. అయినా మళ్లీ వేశాడు! వృత్తిలో ఇలాంటి మొండివాళ్లు అప్పుడప్పుడూ అవసరం.

ఆవిడ దగ్గర డబ్బు లేదు. పేదరాలినని ప్రమాణం చేసి, ఖర్చుల మినహాయింపు తెచ్చుకుని, అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం, లండన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1932 మే నెలలో తీర్పు వచ్చింది, ముగ్గురు జడ్జీలు ఆవిడ వైపు, ఇద్దరు అవతలి వైపు. మనం చేసే పని వల్ల ఎవరికి హాని జరగొచ్చో ముందే ఊహించగలిగితే, వాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండే బాధ్యత మన మీద ఉంటుందని ఆ తీర్పు సారాంశం. ఒప్పందం ఉందా లేదా అన్నది ఇక అడ్డు కాదు. కామన్ లా, అంటే పాత తీర్పుల మీద నడిచే ఇంగ్లిష్ న్యాయ పద్ధతి, పాటించే దేశాల్లో నిర్లక్ష్యం మీద వేసే దావాలు చాలావరకు ఈ పునాది మీదే నిలబడ్డాయి. మన దేశంలో కూడా.

ఇందులో చాలామంది గమనించని తమాషా ఉంది. ఆ సీసాలో నత్త ఉందని ఎన్నడూ రుజువు కాలేదు. లార్డ్స్ తేల్చింది, నత్త ఉందనుకుంటే దావా వేసే హక్కు ఉందా అన్న ఒక్క ప్రశ్ననే. సాక్ష్యం దాకా రాకముందే స్టీవెన్‌సన్ చనిపోయాడు, ఆయన వారసత్వం చూసేవాళ్లు రాజీ చేసుకున్నారు. అంటే న్యాయశాస్త్ర విద్యార్థులు దాదాపు వందేళ్లుగా చదువుతున్న ఆ నత్త, ఉందో లేదో ఎవరికీ తెలియని నత్త. (నవ్వులు)

ఇక ఎవరి మీద వెయ్యలేం? ఒకప్పుడు ప్రభుత్వం మీద. రాజు తప్పు చెయ్యడన్నది పాత ఇంగ్లిష్ సూత్రం. తప్పే చెయ్యనివాడి మీద దావా ఏంటి? బ్రిటన్‌లో ప్రభుత్వం మీద మామూలు మనిషి మీద వేసినట్టు దావా వేసే వీలు 1947 చట్టంతో గానీ రాలేదు. అమెరికాలో అంతకు ఏడాది ముందు వచ్చింది. 1945 జులైలో పొగమంచులో సైనిక విమానం ఒకటి న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనాన్ని గుద్దుకుని 14 మంది చనిపోయారు. విమానం ప్రభుత్వానిది, కాబట్టి అప్పటికి దావా వెయ్యడానికి దారి లేదు. ఏళ్ల తరబడి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో నానుతున్న బిల్లు 1946లో చట్టమైంది. పైగా 1945 జనవరి నుంచి జరిగినవాటికి కూడా వర్తిస్తుందని రాశారు, దాంతో ఆ విమాన ప్రమాద బాధితులకూ దారి దొరికింది. మన రాజ్యాంగంలో 300వ అధికరణం ప్రభుత్వం దావా వెయ్యొచ్చు, ప్రభుత్వం మీద వెయ్యొచ్చు అని చెబుతుంది. అయితే ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆగకుండా వెయ్యొచ్చు.

రెండో ఫలానా, కారణం. ఇక్కడ కోపానికి విలువ లేదు, మీకున్న హక్కు ఏమిటి, దాన్ని ఎదుటివాడు ఎలా భంగపరిచాడు, దానివల్ల మీకు ఏం నష్టం అన్నది చూస్తారు. పలకరించకపోవడం బాధే, దావాకి కారణం కాదు. చేబదులు తీసుకుని ఇవ్వకపోవడం కారణమే, కానీ కాగితం ముక్క లేకపోతే రుజువు చేసే బరువు అడిగినవాడిదే. "నేను అబద్ధం చెబుతానా?" అని కోర్టులో అడిగితే లాభం లేదు. ఎదుటివాడూ అదే మాట అంటాడు.

కారణం ఉన్నా గడువు దాటకూడదు. అప్పు డబ్బుల్లాంటి దావాలకు మన లిమిటేషన్ చట్టం, 1963 నాటిది, సాధారణంగా మూడేళ్లు ఇస్తుంది. ఇంగ్లండులో ఒప్పందం తప్పితే ఆరేళ్లు. మొహమాటానికి పోయి మూడేళ్లు ఊరుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. గడువు లోపల బాకీదారు బాకీ ఉన్నానని సంతకం పెట్టి రాసిచ్చినా, కొంత కట్టి దాన్ని కాగితం మీద పెట్టినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు. నోటిమాటగా "ఇచ్చేస్తాలే" అంటే గడియారం ఆగదు.

మూడో ఫలానా దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఏం కావాలి?

1877లో జాన్ రస్కిన్ అనే పేరుమోసిన విమర్శకుడు, విస్లర్ అనే చిత్రకారుడు గీసిన రాత్రి బాణసంచా బొమ్మ మీద విరుచుకుపడ్డాడు. రంగుల డబ్బా జనం మొహాన కొట్టి రెండు వందల గినీలు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) అడుగుతున్నాడని రాశాడు. విస్లర్‌కి ఒళ్లు మండి పరువు నష్టం దావా వేశాడు, వెయ్యి పౌండ్లు ఇప్పించమన్నాడు. 1878 నవంబరులో విచారణ జరిగింది. "రెండు రోజుల పనికి రెండు వందల గినీలా?" అని అవతలి లాయరు అడిగితే, కాదు, జీవితమంతా నేర్చుకున్నదానికి అని ఆయన జవాబిచ్చాడని చెప్పుకుంటారు. కోర్టు హాల్లో మంచి మార్కులే పడ్డాయి. కేసు కూడా గెలిచాడు. నష్టపరిహారం ఎంతో తెలుసా? ఒక ఫార్దింగ్. పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు కూడా ఇప్పించలేదు. మరుసటి ఏడాది విస్లర్ దివాలా తీశాడు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆయనకి కావలసింది "తప్పు రస్కిన్‌ది" అన్న మాటే అయితే, ఆ మాట దొరికింది. దానికి పెట్టిన ధర మాత్రం జ్యూరీ చెప్పదు, లాయరు బిల్లు చెబుతుంది.

ఇంకోవైపు నుంచి చూద్దాం. కాఫీ ఒంటి మీద ఒలికితే లక్షల డాలర్లు కొట్టేసిన ఆవిడ కథ మీరు వినే ఉంటారు. దావాలు ఎంత పిచ్చిగా తయారయ్యాయో చెప్పడానికి అందరూ చెప్పే ఉదాహరణ అది. నాకు ఆ ఉదాహరణ నచ్చదు. 1992లో అమెరికాలోని ఆల్బకర్కీలో 79 ఏళ్ల వృద్ధురాలు మెక్‌డొనాల్డ్స్ కాఫీ కొనుక్కుని, ఆగి ఉన్న కారులో మూత తీస్తుంటే ఒళ్లో ఒలికింది. చర్మం లోతుగా కాలిపోయి, ఆసుపత్రిలో చేరి, చర్మం అతికించాల్సి వచ్చింది. ఆవిడ మొదట అడిగింది 20 వేల డాలర్లు, ఇంచుమించు వైద్యం ఖర్చులు. కంపెనీ ఇస్తామన్నది 800. అప్పుడు దావా. ఆ కాఫీని 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉంచుతారని, అంతకుముందే ఏడు వందలకు పైగా కాలిన ఫిర్యాదులు వచ్చాయని విచారణలో బయటపడింది.

1994లో జ్యూరీ ఏం చేసిందో చూడండి, లెక్క చాలా నేర్పిస్తుంది. నష్టం 2 లక్షల డాలర్లని తేల్చింది. అందులో ఆవిడ అజాగ్రత్త వాటా 20 శాతం అని తగ్గించి లక్షా 60 వేలు ఇమ్మంది. దీన్ని పరిహారం అంటారు, పోయినదాన్ని పూడ్చడం. దానిపైన కంపెనీ తీరు చూసి 27 లక్షల డాలర్లు విడిగా వేసింది, ఇది దండన కోసం వేసే పరిహారం. జడ్జి ఈ రెండోదాన్ని 4 లక్షల 80 వేలకి తగ్గించాడు. చివరికి ఇరుపక్షాలూ ఎంతో బయటికి చెప్పకుండా రాజీ చేసుకున్నాయి. కథలో మిగిలింది 27 లక్షలు. ఆవిడ చేతికి అంత రానేలేదు. సివిల్ కోర్టులో బుద్ధి అమ్మరని ఇందాక అన్నాను కదా, ఇలాంటి దండన పరిహారం ఒక్కటే దానికి కాస్త దగ్గరికొచ్చేది. అది కూడా అమెరికాలో జ్యూరీలు ఇచ్చినంత ధారాళంగా మిగతా చోట్ల ఇవ్వరు.

అడిగేటప్పుడు ఒకేసారి అడగాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఒకే కారణం మీద రావలసినదంతా ఒకే దావాలో అడగాలి. కొంత వదిలేస్తే, తర్వాత ఆ మిగిలినదాని కోసం ఇంకో దావా వేయనివ్వరు. ఒకసారి తేలిన తగాదాని అదే మనుషుల మధ్య మళ్లీ తోడనివ్వరు కూడా. లేకపోతే ఓడినవాడు ప్రతిసారీ కొత్త కాగితం పట్టుకొస్తాడు.

ఖర్చు మాట క్లుప్తంగా. ఇంగ్లండులో సాధారణంగా ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు భరించాలి. అమెరికాలో ఎవరి లాయరు ఫీజు వాళ్లదే, అందుకే అక్కడ గెలిస్తే వాటా తీసుకుంటానని లాయర్లు ఒప్పుకుంటారు. మన దగ్గర లాయరు ఫలితంలో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ఎవరైనా అలా బేరం పెడితే కాస్త జాగ్రత్త పడండి.

గెలిచారు, డిక్రీ వచ్చింది. ఇప్పుడేంటి? డిక్రీ అంటే డబ్బు కాదు, వసూలు చేసుకునే హక్కు. 1872లోనే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అప్పట్లో మన దేశపు కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, అంది, ఇండియాలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఈ మాట చదివితే సివిల్ లాయర్లు తలూపుతారు. డిక్రీ అమలుకు మళ్లీ పిటిషన్ వెయ్యాలి, దాన్నే ఈపీ అంటాం. జప్తు చెయ్యడానికి అతని పేరున ఏముందో మీరే వెతికి చూపించాలి. జీతంలో కొంత భాగం, బట్టలు, వంటపాత్రలు, పనిముట్ల లాంటివి జప్తుకి దొరకవు. ఇల్లు బంధువు పేర, కారు ఇంకొకరి పేర ఉంటాయి. ఈపీ వెయ్యడానికి మామూలుగా పన్నెండేళ్ల గడువు ఇచ్చారంటేనే అర్థం చేసుకోండి.

ఇందాకటి సింప్సన్ డబ్బు సంగతి ఇదే. 3 కోట్ల 35 లక్షల డాలర్ల తీర్పు. ఆయన ఆటలో గెలిచిన ట్రోఫీ వేలానికి పోయింది. కానీ ఆటగాడిగా వచ్చే పెన్షన్‌ని చట్టం కాపాడింది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. సొంత ఇంటిని జప్తు నుంచి గట్టిగా కాపాడే ఫ్లోరిడా రాష్ట్రానికి ఆయన మకాం మార్చాడు. 2024లో చనిపోయేనాటికి ఆ కుటుంబాలకు అందింది తీర్పులో చిన్న భాగమే. అయితే ఆ కుటుంబాల్లో ఒకటి డబ్బు కోసం వెయ్యలేదని మొదటి నుంచీ చెబుతూనే వచ్చింది. ఏం అడుగుతున్నారో వాళ్లకి తెలుసు. వాళ్లని విస్లర్‌తో కలిపి చూడకండి.

చివరగా ఇందాక ముందు వరుసలోంచి చీటీ పంపారు. "దావా వెయ్యడం సరే, మన మీదే పడితే?" అని. మంచి ప్రశ్న. రోమన్ల పన్నెండు పట్టికల చట్టం, క్రీస్తు పూర్వం 450 ప్రాంతంలోది, అక్కడే మొదలవుతుంది. కోర్టుకి పిలిస్తే వెళ్లాలి. వెళ్లకపోతే సాక్షుల్ని పెట్టి పట్టుకోవచ్చు. ముసలివాడో జబ్బుమనిషో అయితే పిలిచినవాడే బండో జంతువో ఇవ్వాలి, కానీ మెత్తటి పరుపులు పరచనక్కర్లేదట! ఇప్పుడు ఎవరూ చెయ్యి పట్టుకుని లాగరు. రాకపోతే మీరు లేకుండానే విని డిక్రీ ఇచ్చేస్తారు, దాన్నే ఎక్స్‌పార్టీ అంటాం.

ముందు వచ్చింది ఏమిటో చూడండి. లాయరు నోటీసు అయితే అది ఉత్తరం, దావా ఇంకా పడలేదు. టెన్షన్ పడక్కర్లేదు, కానీ జవాబివ్వకుండా పడేయకండి, రేపు దావా పడితే ఆ మౌనం గురించి అడుగుతారు. కోర్టు సమన్లు అయితే సంగతి వేరు. తీసుకోకుండా తలుపేసుకుంటే తప్పించుకున్నట్టు కాదు, గుమ్మానికి అంటించి వెళ్లినా అందినట్టే లెక్క వేయొచ్చు. అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు వెయ్యాలి, కోర్టు కారణం చూసి 90 రోజుల దాకా పొడిగించొచ్చు. వాది చెప్పిన ఒక్కో మాటకి ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో విడివిడిగా రాయించండి. "అంతా అబద్ధం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, స్పష్టంగా కాదనని మాటలు ఒప్పుకున్నట్టు పరిగణించే ప్రమాదం ఉంది. ఎక్స్‌పార్టీ డిక్రీ ఇప్పటికే పడిపోయి ఉంటే, రాలేకపోయిన సరైన కారణం చూపించి రద్దు చెయ్యమని అడగొచ్చు, దానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. కాబట్టి తెలిసిన రోజు తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

చీటీలు ఇంకో రెండు ఉన్నాయి. మైకు అటు ఇవ్వండి, నేరుగా అడుగుతారు.